ముఖమున ముడుతలు – రెండు సూదిమందులు

ఇట్టి సంచికలలో మన పూర్వులు ఏ రాజుకాలమున ఏ సీమనుండి తరలివచ్చిరో, ఏ గుడి కట్టించిరో, ఏ కావ్యము చెప్పిరో పెద్దలు వ్రాయుచుందురు. అవి వ్రాయవలసినవే, చదువుటకు మాకును ఇష్టమైనవే. అయినను ఈమారు మేము అంతకంటె చిన్న విషయమును, మన ముఖములమీది ముడుతలను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. విషయము చిన్నదే గాని అది మన యిండ్లలోనికి వచ్చి కూర్చున్నది. ఒకప్పుడు సినిమా తారలకు మాత్రమే చెందినవని తలచిన సూదిమందులను గూర్చి నేడు పెండ్లిపందిళ్ళలో వియ్యపురాండ్రు మాట్లాడుకొనుచున్నారు. ఏ సూది మంచిది, దేనికెంత ఖర్చు, ఎన్నాళ్ళు నిలుచును అని అడుగుచున్నారు. సమాధానము చెప్పువారిలో తెలిసినవారికంటె విన్నవారే ఎక్కువ.

మేము హొసూరు ప్రాంతమువారము. ఇంట తెలుగు, బడిలో తమిళము, సంతలో కన్నడము, కాగితముమీద ఇంగ్లీషు. ఇది మా వాడుక. బళ్ళారిలోను, బరంపురములోను, షోలాపురములోను ఉన్న మన సోదరులకు ఇందులో ఒక భాష మారునేమో గాని స్థితి మారదు. గత సంవత్సరము మా అక్కగారును, ఆమె కుమార్తెయు ఒకే దినమున బెంగుళూరులోని ఒక చర్మవైద్యురాలియొద్దకు పోవలసివచ్చినప్పుడు మేమును తోడు పోతిమి. అక్కడ చూచినదియు, ఆ పిమ్మట శ్రద్ధగా చదివి తెలిసికొన్నదియు ఇందు పొందుపరచుచున్నాము.

అక్కగారికి అరువదియారు ఏండ్లు. పెద్ద మనుమని పెండ్లి నాలుగు నెలలలో ఉన్నది. ముక్కు ప్రక్కలనుండి పెదవుల కొనలవరకు ఆమెకు రెండు లోతైన ముడుతలు పడినవి. “ఫోటోలు తీస్తారు కదరా తమ్ముడూ. ఇవి చూడు, కాలవల మాదిరి ఉండాయి” అని ఆమె బాధ. మా మేనకోడలికి నలువదియొక్క ఏండ్లు; బడిలో ఉపాధ్యాయిని. ఆమె కనుబొమల నడుమ రెండు నిలువు గీతలు నిలిచిపోయినవి. “మామా, నేను కోప్పడి వారమయింది. అయినా నిన్న ఒక పాప వచ్చి ‘మిస్, మేమేం తప్పు చేసినాము?’ అని అడిగింది” అని ఆమె చెప్పెను. నవ్వుచునే చెప్పినది గాని, పిల్లలను ప్రేమించు ఉపాధ్యాయినికి అది నవ్వు విషయము కాదని మాకు తెలియకపోలేదు.

ఇద్దరును అడిగిన ప్రశ్న ఒక్కటే: రెండు సూదులున్నవట, ఏది వేయించుకొనవలెను? డాక్టరమ్మగారు ఆ ప్రశ్నకు నేరుగా సమాధానము చెప్పలేదు. అద్దము చేతికిచ్చి, మొదట ముడుతను చూడుమనిరి.

మన భాషలో ముడుతకు మాటలు కొరవలేదు. నొసట అడ్డముగా పడునవి గీతలు. చర్మము వదులై జారగా పడునవి ముడుతలు. కోపముననో, ఆలోచననో కనుబొమలు దగ్గరకు వచ్చినప్పుడు నడుమ ఏర్పడునది బొమముడి. సంస్కృతమున దీనినే భ్రుకుటి యనిరి. ముసలితనపు ముడుతలను వలులనియు, నెరసిన వెండ్రుకలను పలితమనియు జంటగా పేర్కొనుట మన పెద్దలకు పరిపాటి. వైద్యులు నేడు చూపు భేదము ఈ మాటలలో పూర్వమే ఇమిడియున్నదని మాకు తోచినది. బొమముడి కదలికవలన పుట్టునది. వలి కాలమువలన పుట్టునది.

ముఖమున చర్మము క్రిందనే కండరములు అంటుకొనియున్నవి. కండరము ముడిచినప్పుడెల్ల దానికి అడ్డముగా చర్మము మడతపడును. పడుచుతనమున ముఖము విశ్రమించగానే మడత విడిపోవును. ఏండ్లు గడచినకొలది విడిపోవుట తగ్గి, గీత నిలిచిపోవును. పట్టుచీరను పెట్టెలో ఒకే మడతమీద ఏండ్లతరబడి ఉంచిన మడతవద్ద నేత విరుగుట మన ఆడువారికి తెలిసినదే. ఇది మొదటి తెగ.

రెండవ తెగ వేరు. వయసుతోపాటు చర్మమునకు బిగువునిచ్చు కొలాజెన్ అను మాంసకృత్తు తగ్గును. చెంపలలోని కొవ్వు పలుచబడి క్రిందికి జారును. దవడ ఎముక సయితము కొంత అరుగును. పరుపులో దూది అణగినచోట గుంట పడినట్లు ముఖమున గుంటలు, వాటి అంచున ముడుతలు ఏర్పడును. ఎండయు, పొగాకును రెండు తెగలను త్వరపెట్టును. పొలమున పనిచేసినవారి మెడను, కప్పుకొనియున్న వీపును పోల్చిచూచిన ఎండ చేయు పని బోధపడును.

మేనకోడలిని డాక్టరమ్మగారు కనుబొమలు ముడువుమనిరి, పిమ్మట వదలుమనిరి. ముడిచినప్పుడు గీతలు లోతయ్యెను, వదలినప్పుడు పలుచనయ్యెను. అక్కగారిని బల్లమీద వెల్లకిల పరుండుమనిరి. పరుండగానే ఆమె ముడుతలలో సగము తగ్గినవి. లేచి కూర్చుండగానే మరల వచ్చినవి. “మీ అమ్మాయిది కండరం పని, మీది బరువు పని. రెంటికీ ఒకే మందు ఎట్లా చెప్పను?” అని ఆమె కన్నడములో అనిరి. రెండు చీరలలో ఒకటి ఎంచుకొన్నట్లు ఎంచుకొనదగిన విషయము కాదని మాకు అప్పుడు తెలిసినది. ఎంపికలో సగము ముడుతయే చేసిపెట్టును.

కండరమునకు వేయు సూది బోటులినమ్ విషము. లోకమున బోటాక్స్ అను వ్యాపారనామము దానికి మారుపేరుగా స్థిరపడినది. ఈ మాట వినగానే అక్కగారు “విషాన్నా మొహానికి పొడిపించుకొనేది?” అని కుర్చీ వెనుకకు జరిపిరి. ఆమె భయము నిరాధారము కాదు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున జర్మనీలోని వుర్టెంబర్గు సీమలో చెడిన మాంసపు సాసేజీలు తిన్నవారికి రెప్పలు వాలిపోయి, మ్రింగుట కష్టమై, తుదకు ఊపిరి ఆగిపోయెడిది. యుస్టీనస్ కెర్నర్ అను వైద్యుడు, ఆయన కవి కూడ, ఆ రోగములను ఓపికగా పరిశీలించి 1820, 1822లలో గ్రంథములు ప్రకటించెను. ఆ విషమును తనపైననే కొంచెముగా ప్రయోగించి చూచుకొనెను. మితిమీరి చెలరేగు నరములను శాంతింపజేయుటకు ఇది ఒకనాడు మందు కాగలదని ఊహించినవాడును ఆయనయే. 1895లో బెల్జియములోని ఎల్లెజెల్ అను పల్లెలో ఒక అంత్యక్రియకు వచ్చిన బాజాలవారు చెడిన పందిమాంసము తిని జబ్బుపడగా, ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ అను పండితుడు ఆ విషమును పుట్టించు సూక్ష్మజీవిని కనిపెట్టి 1897లో ప్రకటించెను. లాటిను భాషలో సాసేజీని బోటులస్ అందురు. విషమునకు ఆ పేరు అట్లు వచ్చినది.

విషము మందుగా మారినది శాన్ ఫ్రాన్సిస్కోలోని నేత్రవైద్యుడు ఆలన్ స్కాట్ కృషివలన. మెల్లకన్నును కత్తి లేకుండ సరిచేయుటకు ఆయన దీనిని కంటి కండరములలో అత్యల్పముగా ఎక్కించి పరీక్షించెను. 1989లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మెల్లకన్నునకును, రెప్పలు అదుపు లేక మూసుకొను జబ్బునకును దీనిని అంగీకరించినది. అంతకు రెండేండ్లు ముందుగా, 1987లో, కెనడాలోని వాంకూవరు నగరమున జీన్ కరుథర్స్ అను నేత్రవైద్యురాలి యొద్ద రెప్పల జబ్బుకు ఈ సూది వేయించుకొనుచున్న ఒక రోగి, నొసటివద్ద కూడ సూది వేయవలెనని పట్టుపట్టెనట. అక్కడ వేసినప్పుడెల్ల తన ముఖము ప్రశాంతముగా కనబడుచున్నదని ఆ రోగి చెప్పిన కారణము. జీన్ భర్త అలస్టెయిర్ చర్మవైద్యుడు. దంపతులిద్దరు కలిసి పరీక్షించి 1992లో తమ ఫలితములను ప్రకటించిరి. బొమముడి గీతలకు ఈ మందు వాడవచ్చునని అమెరికా సంస్థ 2002లో అంగీకరించినది. కంటి కొనల గీతలకు 2013లోను, నొసటి గీతలకు 2017లోను అంగీకారము లభించినది.

ఇది పనిచేయు విధము సులభముగా చెప్పవచ్చును. నరము కండరమునకు పంపు ఆజ్ఞను ఎసిటైల్‌కోలిన్ అను రసాయనము మోసికొనిపోవును. ఈ మందు ఆ రసాయనము నరపు కొననుండి వెలువడకుండ ఆపును. ఆజ్ఞ అందని కండరము ఊరకుండును. పైనున్న చర్మము మడతపడదు. కొన్ని నెలలలో నరము మరల తన పని మొదలుపెట్టును. కనుక దీని గుణము రెండు మూడు దినములలో మొదలై, రెండు వారములలో నిండుగా కనబడి, మూడు నాలుగు నెలలు నిలుచును. సీసాలో ఉండు విషము నానోగ్రాములలో లెక్క. నానోగ్రాము అనగా గ్రాములో నూరుకోట్లవ వంతు. అందుచేత దీనిని బరువుతో గాక యూనిట్లతో కొలుతురు. బొమముడికి బోటాక్స్ సాధారణ మోతాదు 20 యూనిట్లు, అయిదు చోట్ల నాలుగేసి చొప్పున. డిస్పోర్ట్ అను వేరొక కంపెనీ మందైన 50 యూనిట్లు. ఒక ఊరి మానిక మరొక ఊరి మానికతో సరిపోనట్లే ఒక కంపెనీ యూనిటు మరొక దానితో సరిపోదు. “అక్కడ తక్కువ యూనిట్లకే చేసినారు” అని పోల్చుకొనుట అర్థము లేని పని.

రెండవ సూది ఫిల్లరు. తెలుగున పూరకము అనవచ్చును. అణగిన దూదికి దూది పెట్టుట దీని పద్ధతి. ఈ కోరిక పాతదే. 1899 ప్రాంతమున వియన్నాలో రాబర్ట్ గెర్సూనీ అను శస్త్రవైద్యుడు వాసలీనువంటి ఖనిజపు మైనమును దేహములోనికి సూదితో ఎక్కించుట మొదలుపెట్టెను. కొంతకాలము అది ముఖములకును వ్యాపించినది. మైనము కదలిపోయి, గడ్డలు కట్టి, ముఖములు వికారమైన పిమ్మట గాని ఆ మోజు తగ్గలేదు. ద్రవరూపమైన సిలికోనును ఎక్కించినవారు ఇట్టి కష్టములే అనుభవించిరి. 1981లో ఆవుచర్మమునుండి తీసిన కొలాజెన్ పూరకము అమెరికాలో అంగీకారము పొందినది. కొందరికి అది సరిపడక దద్దురు లేచుటచే ముందుగా చేతిమీద పరీక్ష చేయవలసివచ్చెడిది.

నేడు ఎక్కువగా వాడబడునది హయలురానిక్ ఆమ్లము. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అను శాస్త్రజ్ఞులు ఆవు కంటిలోని జిగురునుండి దీనిని మొదటిసారి వేరుచేసిరి. మన చర్మములోను, కీళ్ళలోను ఇది సహజముగానే ఉండి నీటిని పట్టియుంచును. నేటి పూరకములకు దీనిని చాలవరకు సూక్ష్మజీవులచేత పులియబెట్టించి తయారుచేయుదురు గనుక పశుసంబంధము ఉండునేమో యను శంక గలవారు మందు పేరు చెప్పి వైద్యుని అడిగి తెలిసికొనవచ్చును. రెస్టిలేన్ అను మొదటి పూరకమునకు అమెరికాలో 2003లో అంగీకారము లభించినది. ఆరు నెలలు మొదలు ఏడాదిన్నర వరకు ఇది నిలుచును. దీని గొప్ప సుగుణమేమనగా, వద్దనుకొన్నప్పుడు హయలురానిడేజ్ అను మరొక సూదితో దీనిని కరగించవచ్చును. కాల్షియము రేణువులతోను, పాలీలాక్టిక్ ఆమ్లముతోను చేసిన పూరకములును కలవు. అవి ఇంకను ఎక్కువకాలము నిలుచును గాని, వాటిని ఇట్లు కరగించు మందు లేదు. శాశ్వతముగా నిలుచు పూరకములును కలవు. “శాశ్వతము” అను మాట అమ్మువాని నోట తీయగా వినబడును. ముఖము శాశ్వతముగా ఒకే తీరున ఉండదు గనుక, నేడు అందముగా కుదిరినది ఇరువది ఏండ్లకు అక్కడనే ఉండి వికారము కావచ్చును.

ఇక అపాయముల మాట. మొదటి మందు ప్రక్క కండరమునకు ప్రాకిన రెప్ప వాలిపోవును. కొన్ని వారములలో తనంతట తాను లేచును. అరుదుగా దూరమునకు వ్యాపించి మ్రింగుటకు, ఊపిరికి అడ్డు రావచ్చునని 2009లో అమెరికా సంస్థ మందు పెట్టెమీద పెద్ద హెచ్చరిక వేయించినది. 2004లో ఫ్లోరిడాలో అనుమతి లేని ముడి విషమును వేయించుకొన్న నలుగురు పక్షవాతమువలె పడిపోయి ఊపిరి యంత్రములమీద బ్రతుకవలసివచ్చినది. గర్భవతులు, బిడ్డకు పాలిచ్చు తల్లులు, మయస్థీనియా వంటి కండరబలహీనత గలవారు దీనిని వేయించుకొనరాదు.

పూరకముతో వచ్చు కమిలికలు, వాపులు చిన్నవి. దాని పెద్ద అపాయము వేరు. సూది రక్తనాళములోనికి పోయి జిగురు అక్కడ చేరిన, నాళము మూసుకొని ఆపై చర్మము చచ్చిపోవును. కనుబొమల నడుమను, ముక్కుమీదను ఉండు నాళములు కంటి నాళములతో కలిసియున్నవి. అక్కడ ఈ ప్రమాదము జరిగిన చూపు పోవచ్చును, పోయిన చూపు తిరిగి వచ్చుట అరుదు. ఈ సంగతి అరుదుగా జరుగునదే. కాని జరుగునది కన్నునకు. ఆ కారణముచేతనే మేనకోడలు “ఆ గీతల్లోనే కొంచెం పూరకం పెడితే సంవత్సరం నిలుస్తుంది కదా?” అని అడిగినప్పుడు డాక్టరమ్మగారు తల అడ్డముగా త్రిప్పిరి.

ఇచ్చట కాగితముల సంగతి చెప్పవలసియున్నది. సూదికి ముందు సంతకము చేయవలసిన సమ్మతిపత్రము నాలుగు పుటలు, అంతయు ఇంగ్లీషు. మేనకోడలు చదువుకొన్నది. అక్కగారు తెలుగు చదువగలరు, కన్నడము వినగలరు, తమిళము మాట్లాడగలరు. మూడు భాషలు వచ్చిన ఆ మనిషి నాలుగవ భాషలోని కాగితము ముందు చదువురానిదానివలె కలము పట్టుకొని కూర్చున్నది. “ఎక్కడ పెట్టాల సంతకం?” అని మమ్ము అడిగెను. మేము కలము తీసికొని ప్రక్కన పెట్టి, ఒక్కొక్క వాక్యమును తెలుగున చెప్పితిమి. టోసిస్ అన్నచోట రెప్ప వాలుట అంటిమి. వాస్క్యులర్ అక్లూజన్ అన్నచోట రక్తపు నరము మూసుకొనుట అంటిమి. నెక్రోసిస్ అన్నచోట చర్మము నల్లబడి చచ్చిపోవుట అంటిమి. అర్ధగంట పట్టినది. తెలుగున చెప్పలేని మాట ఆ నాలుగు పుటలలో ఒక్కటియు లేదు. ఆ అర్ధగంట తరువాత అక్కగారు అడిగిన ప్రశ్నలు వేరు.

“నేను గుండెకు స్టెంటు వేయించుకొని రక్తం పలచబడే మాత్ర మింగుతున్నాను, దానికేమి?” అని మొదట అడిగెను. కమిలిక ఎక్కువగా ఉండుననియు, గుండె డాక్టరు చెప్పనిదే ఆ మాత్ర ఒక్కనాడైనను మానరాదనియు డాక్టరమ్మగారు చెప్పిరి. “ఎంత మందు పడుతుంది?” యూనిట్లకు ఖరీదు కట్టు మొదటి సూదివలె గాక పూరకమునకు సిరంజి చొప్పున, అనగా ఒక మిల్లీలీటరు చొప్పున ఖరీదు, ఆమెకు రెండు కావలెను. “ఎన్నాళ్ళుంటుంది?” సుమారు ఒక సంవత్సరము. అక్కగారు వ్రేళ్ళమీద ఏదో లెక్కవేసి, “ఏడాదికి కరిగిపోయేదానికి ఇంత డబ్బా? ఈ డబ్బుతో మనుమరాలికి కమ్మలు వస్తాయి. అవి కరగవు” అని లేచెను. అంతటితో ఆమె నిర్ణయము ముగిసినది. మనస్సులో ఇంకేమైన కారణము ఉన్నదేమో మేము అడుగలేదు. పెండ్లి ఫోటోలలో ఆమె ముడుతలతోనే ఉన్నది. మనుమరాలి చెవుల కమ్మలును ఉన్నవి.

మేనకోడలు సూది వేయించుకొన్నది. అయిదు పోట్లు, పది నిమిషముల పని. ఆ దినమున నొసటిని రుద్దవద్దనియు, కొన్ని గంటలు పరుండవద్దనియు చెప్పి పంపిరి. నాలుగవనాటికి గీతలు సడలినవి. రెండు వారములకు నొసలు నున్నబడినది. బడిపిల్లలు ఆమె దగ్గరకు నిర్భయముగా వచ్చుచున్నారని సంతోషముగా చెప్పెను. నెల గడచిన పిమ్మట మరియొక మాట కూడ చెప్పెను. “మామా, మొన్న తరగతిలో ఒకటే గోల. ఎప్పుడూ ఒక చూపు చూస్తే చాలు, ఊరుకొనేవాళ్ళు. ఈసారి చూసినాను, ఎవరూ ఊరుకోలేదు. ముఖం సహకరించలేదు. గొంతు పెంచవలసి వచ్చింది.”

ఈ మాట మమ్ము చాల దినములు వెంటాడినది. తంజావూరు నాయకరాజుల కాలమున అటు తరలిపోయి స్థిరపడిన తెలుగు కుటుంబములవారు మెలట్టూరులో నేటికిని నరసింహజయంతి సమయమున భాగవతమేళము ఆడుచున్నారు. చుట్టును తమిళము, రంగముమీద వెంకటరామశాస్త్రిగారి తెలుగు నాటకములు. చూచువారిలో తెలుగు తెలియనివారు ఎందరో. అయినను ప్రహ్లాదచరిత్రలో హిరణ్యకశిపుడు బొమముడి వేయగానే, భాష తెలియని పిల్లవానికిని ఆ కోపము తెలియును. నాట్యశాస్త్రము కనుబొమల కదలికలను ఏడుగా ఎంచి, భ్రుకుటిని అందులో ఒకటిగా పేర్కొన్నది. మాటలు అందనిచోట ముఖము మాట్లాడును. పరభాషల నడుమ బ్రతుకుచున్న మనవంటివారికి ఇది పుస్తకపు సంగతి కాదు. భాష చాలక సంతలోను, కచేరీలోను మన పెద్దలు ముఖముతోనే ఎన్ని బేరములు నడిపిరో మనకు తెలియును. ఆ ముఖములో ఒక కండరమును నాలుగు నెలలు ఊరకుంచుట తప్పని మేము అనము. అది ఊరకున్నప్పుడు దానితో చెప్పు మాట కూడ ఊరకుండునని ముందుగా తెలిసి ఎంచుకొనవలెనని మాత్రము అందుము. తెలిసిన వైద్యులు మోతాదు తగ్గించి, కొంత కదలిక మిగిల్చి వేయగలరు. కావలసినవారు అట్లు అడుగవచ్చును.

మూడున్నర నెలలకు ఆమె బొమముడి తిరిగి వచ్చినది. రెండవమారు తక్కువ మోతాదుతో వేయించుకొన్నది. మూడవమారు సంగతి ఇంకను తేలలేదు. సంవత్సరమునకు మూడుసార్లు చొప్పున పదేండ్లకు ముప్పదిసార్లు అని లెక్కవేసి చూచుకొనుచున్నది. ఇది ఆమె ముఖము, ఆమె సంపాదన. సలహా అడిగిన చెప్పుదుము, లేకున్న ఊరకుందుము.

చదువరులలో ఎవరైన ఈ దారిన పోదలచిన, మేము తెలిసికొన్న నాలుగు జాగ్రత్తలు ఇవి. మొదట ముడుత కదలికదా, కుంగుడుదా అని అద్దము ముందు మీరే చూచుకొనుడు. పిమ్మట చర్మవైద్యులయొద్దకో, ప్లాస్టిక్ సర్జనుయొద్దకో మాత్రమే పొండు; బ్యూటీ పార్లరులోను, స్నేహితురాలి యింటిలోను ఈ సూదులు వేయించుకొనకుడు. సూది లేకుండ ఒత్తిడితో పూరకమును చర్మములోనికి చిమ్ము కలమువంటి పరికరములు అమ్ముచున్నారు. అవి వాడవద్దని అమెరికా సంస్థ 2021లో హెచ్చరించినది. మందు పెట్టెను మీ యెదుట తెరువుమనుడు. పేరు, గడువు తేదీ, ఎన్ని యూనిట్లు వేసిరో వ్రాయించి తీసికొనుడు. పూరకమైనచో కరగించు మందు ఆ గదిలో సిద్ధముగా ఉన్నదా అని అడుగుడు. వేసిన పిమ్మట విపరీతమైన నొప్పి, చర్మము తెల్లబడుట, చూపు మసకబారుట ఇందులో ఏది కలిగినను ఆ క్షణమే చెప్పవలెను. ఇంటికి పోయి రేపు చూతమనరాదు. పెండ్లికి ముందటి వారమున మొదటిసారి ప్రయత్నించుట అన్నిటికంటె తెలివితక్కువ. కనీసము నెల వ్యవధి ఉండవలెను.

సూదియే వద్దనుకొన్నవారికిని చేయదగినది లేకపోలేదు. ఎండకు గొడుగు, ముఖమునకు ఎండనాపు లేపనము, పొగాకు మానుట, ఈ మూటితో రాబోవు ముడుతలు ఆలస్యమగును. రాత్రిపూట పూయు ట్రెటినాయిన్ లేపనము సన్నని గీతలను నెలలమీద కొంత తగ్గించునని చిరకాలపు అనుభవము. గర్భవతులు వాడరాదు, మొదట చర్మము ఎఱ్ఱబడి పొరలూడును గనుక వైద్యుని అడిగియే మొదలుపెట్టవలెను. ఇవి నెమ్మదిగా పనిచేయును, ఖర్చు తక్కువ.

చివరకు మన సంఘములకు ఒక విన్నపము. మనము ఏటేట ఉగాదినాడు పంచాంగశ్రవణము పెట్టుదుము, కవులను పిలిచి సత్కరింతుము. తెలుగు నిలువవలెనని ఉపన్యసింతుము. ఆ పూటనే మరియొక గంట కేటాయించి, తెలుగు తెలిసిన ఒక వైద్యురాలిని పిలిపించి, చక్కెరజబ్బు కానిండు, కంటి ఆపరేషను కానిండు, ఈ ముడుతల సూదులు కానిండు, మన ఆడువారు సిగ్గుపడక తమ యింటిభాషలో అడుగుటకు వీలు కల్పించిన బాగుండును. సమ్మతిపత్రములను తెలుగున చదివి చెప్పగల యువతీయువకుల పేర్లు నలుగురైదుగురివి సంఘము నోటీసుబోర్డుమీద ఉంచుట పెద్ద పని కాదు. మా అక్కగారు కలము పట్టుకొని “ఎక్కడ పెట్టాల సంతకం?” అని అడిగినట్లు మన ఊళ్ళలో ఎందరు అడుగుచున్నారో, ఏమి తెలియక ఎందరు పెట్టుచున్నారో మనము ఎన్నడును లెక్కించలేదు. ఈ సంవత్సరము ఆ పని మొదలుపెట్టుదమని కోరుచున్నాము.